నొక్కని గడియారం

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల సందర్భంగా గచ్చిబౌలిలో జరిగిన హైదరాబాదు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

 

మామూలు రోజుల్లో బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర గంట సేపు ఇరుక్కునే వాళ్ళం, ఇవాళ ఆదివారం కాబట్టి ఇరవై నిమిషాల్లో వచ్చేశామని అందరూ ఆశ్చర్యపోతున్నారు. టైము గురించి మాట్లాడమని నన్ను పిలిచిన సభకు అందరూ టైముకు రావడం శుభసూచకమే.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘చదరంగం నేర్పిన సమయపాలన’. నన్నే ఎందుకు ఎంచుకున్నారో మీకు తెలుసు. మన హెడ్మాస్టరు గారి గదిలో ఆటల విజేతల బోర్డు ఒకటి ఉంది. అందులో 1988, చదరంగం, మండల విజేత అని ఉన్న చోట ఉన్నది నా పేరు. మా లెక్కల మాస్టారు ఇక్కడే, ముందు వరసలో ఉన్నారు. ఆ ఆట గురించి ఆయన ఎన్ని బ్యాచిలకు చెప్పారో నాకు తెలుసు, ఎందుకంటే నాకంటే పదేళ్ళ చిన్నవాళ్ళు కూడా వచ్చి “అన్నా, గడియారం చూసుకుని గెలిచింది మీరేనా?” అని అడిగేవారు. ఆ ఆట గురించే ఇవాళ మాట్లాడతాను. కానీ దానికంటే ముందు ఇంకో ఆట గురించి చెప్పాలి.

2024 నవంబరు 27, బుధవారం. సింగపూరులో ప్రపంచ చదరంగ చాంపియన్‌షిప్ మూడో ఆట. ఒకవైపు చాంపియన్, చైనాకు చెందిన డింగ్ లిరెన్. ఇంకోవైపు మన దొమ్మరాజు గుకేశ్. పుట్టి పెరిగింది చెన్నైలో అయినా వాళ్ళది తెలుగు కుటుంబం. నాన్న చెవి, ముక్కు, గొంతు డాక్టరు, అమ్మ మైక్రోబయాలజిస్టు. అప్పటికి అబ్బాయి వయసు 18. మొదటి ఆట డింగ్ గెలిచాడు, రెండోది డ్రా. అంటే మన అబ్బాయి ఒక పాయింటు వెనక ఉన్నాడు.

మన టైము ప్రకారం ఆట మధ్యాహ్నం రెండున్నరకు మొదలు. ఆ రోజు నాకు మూడు గంటలకు ఒక ఫోన్ వచ్చింది. నా చిన్ననాటి స్నేహితుడు. వాడి పేరు చెప్పొద్దని వాడే అన్నాడు కాబట్టి చెప్పను. మా బ్యాచి వాళ్ళు ఎలాగూ పోల్చుకుంటారు. వాడు ఇప్పుడు ఒక జిల్లా పరిషత్ స్కూల్లో లెక్కల మాస్టారు. వాళ్ళ అమ్మాయికి ఇక్కడ ఉద్యోగం వచ్చింది. హాస్టల్లో దింపడానికి వచ్చి, “ఒరేయ్, మీ గచ్చిబౌలిలోనే ఉన్నా, టీ తాగుదామా?” అన్నాడు. నేను ఆఫీసులో చెప్పి బయటికి వచ్చేశాను. స్టేడియం దగ్గర ఒక టీ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఫోన్ గోడకు ఆనించి ఆట పెట్టాను.

వాడు మొదటి నాలుగు ఎత్తులూ చూసి నవ్వాడు. “మన మాస్టారి ఆట” అన్నాడు.

నిజమే. గుకేశ్ తెల్లపావులతో మంత్రి ముందు బంటును రెండు గళ్ళు నడిపాడు. డి4. తరువాత సి4 బంటు కూడా కదిలింది. క్వీన్స్ గాంబిట్ అన్న మాట 2020లో నెట్‌ఫ్లిక్స్ సీరియల్ వల్ల అందరికీ తెలిసింది గానీ, మన బడిలో 1986లోనే మాస్టారు సుద్దముక్కతో బోర్డు గీసి చెప్పారు.

చిన్నవాళ్ళ కోసం ఒక్క నిమిషం చెబుతాను. మన తాతలు అరుగుల మీద ఆడిన ఆటలో బంటు ఒక్క గడే నడిచేది. రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. రెండు గళ్ళు నడిచే బంటును మాకు పరిచయం చేసింది మాస్టారే. “రాజు ముందు బంటును రెండు గళ్ళు తోస్తే దాని వెనక కాపలా లేదు. మంత్రి ముందు బంటును తోస్తే వెనక మంత్రి ఉంది. ముందు నేల గట్టి చేసుకోండి, తరువాత యుద్ధం” అనేవారు. ఆ తరువాత సి బంటును ఎర వేస్తాం. నల్లవాడు తింటే మధ్య గళ్ళ మీద పట్టు వదులుకుంటాడు, పైగా ఆ బంటును మనం తిరిగి రాబట్టుకోవచ్చు. అందుకే చాలామంది ఆ ఎర ముట్టరు, ఈ బంటుతో గోడ కడతారు. 1927లో కాపాబ్లాంకా, అలెహిన్ ప్రపంచ టైటిల్ కోసం 34 ఆటలు ఆడితే అందులో 32 ఆటలు ఇదే పద్ధతి. 2014లో సోచిలో కార్ల్‌సన్ మీద ఆనంద్ గెలిచిన ఒకే ఒక్క ఆట కూడా ఇదే. చిత్రంగా అది కూడా మూడో ఆటే.

గుకేశ్ నాలుగో ఎత్తులో బంట్లు మార్చేశాడు. దీన్ని ఎక్స్‌ఛేంజ్ వేరియేషన్ అంటారు. చూడటానికి సాదాగా ఉంటుంది. పదో ఎత్తుకల్లా మంత్రులు కూడా బోర్డు మీద లేవు. మంత్రి లేని ఆట చప్పగా ఉంటుందని అనుకుంటాం. కానీ అక్కడే డింగ్ తన శకటును తెల్లవాళ్ళ ఇంట్లోకి, సి2 గడిలోకి పంపాడు. లోపలికి వెళ్ళడం తేలిక. బయటికి రావడమే కష్టం. గుకేశ్ గుర్రాన్ని వెనక్కి జరిపి, బంట్లను ఒక్కొక్కటిగా ముందుకు నడిపి, దాని దారి మూసేశాడు. డింగ్ రెండు బంట్లు తిన్నాడు గానీ 24వ ఎత్తులో తెల్ల ఏనుగు ఆ శకటును కొట్టేసింది.

అయితే మేమిద్దరం చూస్తున్నది బోర్డును కాదు, పక్కన ఉన్న గడియారాన్ని. పదమూడు ఎత్తులయ్యే సరికి గుకేశ్ వాడుకున్నది నాలుగైదు నిమిషాలు. డింగ్‌కు అప్పటికే గంట దాటింది. ఆ నాలుగైదు నిమిషాల వెనక ఎన్ని నెలల కష్టం ఉందో తరువాత తెలిసింది. తెరవెనక గుకేశ్‌కు సాయం చేసిన బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నారు. అంటే బోర్డు మీద ఒక్కడే కూర్చున్నా, వెనక ఇంటి దగ్గర నేర్చుకున్నదంతా ఉంటుంది. మంత్రి ముందు బంటుకు మంత్రి కాపలా ఉన్నట్టు.

ఆ పోటీలో మొదటి నలభై ఎత్తులకు ఒక్కొక్కరికి 120 నిమిషాలు. 41వ ఎత్తు దాకా గడియారం ఒక్క సెకను కూడా అదనంగా ఇవ్వదు. డింగ్ 37 ఎత్తుల దగ్గర ఉండగా అతని టైము అయిపోయింది. ఇంకో మూడు ఎత్తులు వేసి ఉంటే నలభై నిండేవి. పావుల లెక్కలో ఎలాగూ ఓడే స్థితే అనుకోండి. కానీ రికార్డులో ఉండేది మాత్రం టైము అయిపోయి ఓడిపోయాడనే. స్కోరు సమం అయింది. టీ కొట్టు దగ్గర మా వెనక నిలబడి చూస్తున్న కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు.

మా వాడు కొట్టలేదు. ఖాళీ గ్లాసు తిప్పుతూ, “పాపం, నాలాగే” అన్నాడు.

ఇప్పుడు 1988 ఆట చెబుతాను. మాస్టారూ, మీరు కొంచెం ఓపికగా వినాలి.

మండల ఫైనల్ మన ప్రార్థన హాల్లో జరిగింది. ఆడింది మేమిద్దరమే, ఒకే బెంచీ వాళ్ళం. జిల్లా కేంద్రం నుంచి అరువు తెచ్చిన గడియారం ఒక్కటే ఉంది కాబట్టి ఫైనల్‌కు మాత్రమే పెట్టారు. రెండు ముఖాల గడియారం. ఎత్తు వేసి మీ వైపు మీట నొక్కితే మీ ముల్లు ఆగి అవతలివాడి ముల్లు కదులుతుంది. టైము దగ్గరపడితే ముల్లు ఒక చిన్న ఎర్ర జెండాను పైకి లేపుతుంది. గంట నిండగానే జెండా పడిపోతుంది. జెండా పడితే ఆట పోయినట్టే. ఒక్కొక్కరికి ఒక గంట.

నేను ఆ ఎండాకాలం సెలవుల్లో విజయవాడలో మా బాబాయి ఇంట్లో ఉండి అలాంటి గడియారంతో నెల రోజులు ఆడి వచ్చాను. వాడు హాస్టల్ కుర్రాడు. సెలవుల్లో మిరప కోతలకు వెళ్ళేవాడు. గడియారాన్ని చూడటం ఆ రోజే మొదటిసారి. ఆట మొదలయ్యే ముందు డ్రిల్లు మాస్టారు ఒకసారి చూపించారు, అంతే.

వాడికి తెల్లపావులు. మాస్టారు నేర్పినట్టే డి4 వేశాడు, సి4 వేశాడు, నాలుగో ఎత్తులో బంట్లు మార్చాడు. నేను తొందరపడ్డాను, వాడు తొందరపడలేదు. ఇరవై ఎత్తులయ్యే సరికి నాకు రెండు బంట్లు తక్కువ. నా రాజు చుట్టూ గోడ కూలిపోయింది. వాడికి గడియారం నొక్కడం గుర్తుండేది కాదు. రెండుసార్లు డ్రిల్లు మాస్టారు “నొక్కు” అన్నారు. ఆ తరువాత ఆయన్ని ఎవరో ఆఫీసు గదికి పిలిచారు.

26వ ఎత్తు వాడు చాలా బాగా వేశాడు. వేసి, నా జవాబు కోసం తల వంచుకుని బోర్డు వంకే చూస్తున్నాడు. మీట నొక్కలేదు. వాడి ముల్లే తిరుగుతోంది. నేను చూశాను.

ఇక్కడ ఒక్కమాట. చదరంగం నిబంధనల్లో ఎదుటివాడు గడియారం నొక్కడం మరిచిపోతే గుర్తు చెయ్యాలని ఎక్కడా లేదు. కాబట్టి నేను చేసింది తప్పు అని ఏ రిఫరీ అనడు. ముప్పై ఆరేళ్ళుగా నాకు నేను చెప్పుకున్నది కూడా ఇదే. కానీ నేను ఊరికే కూర్చోలేదు. రెండు చేతులూ చెంపల మీద పెట్టుకుని, కనుబొమలు ముడిచి, ఆలోచిస్తున్నట్టు నటించాను. నిజంగా నా ఎత్తు అయితే నా ముల్లు తిరగాలి కదా అన్న అనుమానం వాడికి రాకుండా, మధ్యలో ఒకసారి చెయ్యి గుర్రం దాకా తీసుకెళ్ళి వెనక్కి తీసుకున్నాను. ఎన్ని నిమిషాలో కూడా గుర్తుంది. పదకొండు. జెండా లేచింది, పడింది. అప్పుడు నేనే డ్రిల్లు మాస్టారిని పిలిచాను.

వాడు ఏడవలేదు. వాళ్ళ నాన్న మాత్రం “టైము చూసుకోలేనోడికి ఆటలెందుకురా” అన్నారట. వాడు మళ్ళీ పోటీ ఆట ఆడలేదు. నేను జిల్లాకు వెళ్ళి ఐదు ఆటల్లో మూడు ఓడిపోయి వచ్చాను. సర్టిఫికెట్టు ఇంకా మా ఇంట్లో ఉంది. మాస్టారు మరుసటి సోమవారం క్లాసులో, తెలివి ఒక్కటే చాలదు, టైము విలువ తెలియాలి అని చెప్పి మా ఇద్దర్నీ ఉదాహరణగా చూపించారు. మాస్టారి తప్పేమీ లేదు. ఆయనకు తెలిసింది నేను చెప్పిందే.

గచ్చిబౌలి టీ కొట్టు దగ్గర వాడు “నాలాగే” అన్నప్పుడు ఇక ఆగలేకపోయాను. అంతా చెప్పేశాను. వాడు విని కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: “గడియారం నొక్కలేదని నాకు తెలుసురా. డ్రిల్లు మాస్టారు అప్పుడే చెప్పారు. నువ్వు చూశావని మాత్రం ఇవాళే తెలిసింది.”

అంతే. వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది, లేచాడు. ఆటో ఎక్కేటప్పుడు ఎప్పుడూ భుజం మీద కొట్టేవాడు, ఆ రోజు కొట్టలేదు. టీ డబ్బులు కూడా వాడే ఇచ్చి వెళ్ళాడు.

రెండు వారాలు ఫోన్ లేదు. నేను చేస్తే ఎత్తలేదు. డిసెంబరు 12న 14వ ఆటలో డింగ్ 55వ ఎత్తులో ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. ఏడున్నర, ఆరున్నర తేడాతో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ రాత్రి వాడే ఫోన్ చేశాడు. “చూశావా?” అన్నాడు. “చూశాను” అన్నాను. కాసేపు ఆగి, “26వ ఎత్తుకు నువ్వేం వేసేవాడివి?” అని అడిగాడు. ఆ స్థితి నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. “ఏం వేసినా ఓడిపోయేవాణ్ణి” అన్నాను.

“సరే. ఆ మాట మాస్టారికి చెప్పు. నాకు చెప్పడం కాదు” అన్నాడు.

అందుకే ఈ అంశం ఇచ్చినప్పుడు ఒప్పుకున్నాను. మాస్టారూ, ఆ ఆట మీరు నేర్పినట్టు ఆడింది వాడు. టైము విలువ తెలిసి గెలిచానని మీరు నా గురించి చెప్పారు. నాకు తెలిసింది టైము విలువ కాదు, ఎదుటివాడికి తెలియని సంగతి ఒకటి. దాన్ని వాడుకున్నాను. బోర్డు మీద నా పేరు తీసేసి వాడి పేరు రాయమని అడుగుదామనుకున్నాను. వాడు ఒప్పుకోలేదు. “పెయింటు ఖర్చు దండగ, పిల్లలకు పనికొచ్చేది ఏమైనా చూడు” అన్నాడు. ఇవాళ వాడు ఇక్కడికి రాలేదు. పదో తరగతి పిల్లలకు స్పెషల్ క్లాసులు ఉన్నాయట.

మిత్రులారా, ఇక్కడ కూర్చున్న వాళ్ళలో సగం మంది ఈ చుట్టుపక్కల ఆఫీసుల్లోనే పనిచేస్తున్నాం. ఇంటర్వ్యూల్లో మన ముందు కూర్చునే పిల్లల్ని చూస్తుంటాం. కొందరు కోచింగులో వంద మాక్ టెస్టులు రాసి వస్తారు. ఇంకొందరికి అలాంటి పరీక్ష ముందు కూర్చోవడం అదే మొదటిసారి. టైము అయిపోయిన వాడికి తెలివి లేదని మనం రాసేస్తాం. ఆ గడియారం వాడు ఇంతకుముందు ఎప్పుడైనా చూశాడా అని అడగం. నేనూ అడగలేదు, ఎన్నో ఏళ్ళు.

హంపి, హారిక, హరికృష్ణ, మన వరంగల్ అర్జున్ ఎరిగైసి, ఇంతమంది పెద్ద ఆటగాళ్ళు పుట్టిన నేల మనది. 2024 డిసెంబరులోనే అర్జున్ 2800 రేటింగ్ దాటాడు, హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. వీళ్ళ పేర్లు విని మన బడి పిల్లలు కూడా బోర్డు ముందు కూర్చుంటున్నారు. స్వర్ణోత్సవ సందర్భంగా సంఘానికి నాదొక్క విన్నపం. మన బడికి పన్నెండు చదరంగం గడియారాలు కొందాం. ఖర్చు నాది. కానీ వాటిని బీరువాలో పెట్టి తాళం వెయ్యకుండా, ఆరో తరగతి నుంచే ప్రతి పిల్లవాడి చేతికి అందేలా చూసే పని సంఘానిది.

దాంతో పాటు ఒక చిన్న నియమం. ప్రపంచ సమాఖ్య పుస్తకంలో లేకపోయినా మన బడిలో ఉండాలి. ఎదుటివాడు గడియారం నొక్కడం మరిచిపోతే, ఒక్కసారి “నొక్కు” అని చెప్పాలి. చెప్పి, ఆ తరువాత గెలవగలిగితే గెలవాలి.

నాకిచ్చిన పదిహేను నిమిషాలూ అయిపోయాయి. 

(సంచికకు ఈ పాఠం ఇస్తూ ఒక మాట. సభ అయ్యాక మాస్టారు నన్ను ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, వాడి ఫోన్ నంబరు చెప్పమన్నారు. రాసుకుని, ఒకసారి పైకి చదివి సరిచూసుకున్నారు.)